ఎంత నీరు, ఎన్ని గంటలకు

జులై, ఆగస్టు వచ్చాయంటే తెలుగు పత్రికల్లో క్యూసెక్కులు కనబడని రోజు ఉండదు. శ్రీశైలానికి ఇంత వస్తోంది, సాగర్ నుంచి ఇంత వదిలారు, ధవళేశ్వరం దగ్గర ఇంత సముద్రంలోకి పోతోంది. అన్నీ లక్షల్లోనే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు పారిన నీరు 24 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. ఇలాంటి అంకెలకు అలవాటుపడ్డ పాఠకుడికి అమెరికాలో గ్రాండ్ కాన్యన్ గుండా పారే కొలరాడో నది లెక్క చెబితే, ఇంతేనా అనిపిస్తుంది. అక్కడ మామూలు రోజున పారేది పది వేలో, పదిహేను వేలో. నాగార్జునసాగర్ కుడి కాలువ ఒక్కదాని సామర్థ్యమే 11 వేల క్యూసెక్కులు.

అయినా రాఫ్టింగ్‌లో, కయాకింగ్‌లో ఏళ్ల తరబడి చేయి తిరిగినవాళ్లు బతుకులో ఒక్కసారైనా దిగాలని కోరుకునే నది అది. దిగేముందు నెలల తరబడి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చునేది కూడా ఆ నది కోసమే. తెడ్డు ఎలా వేయాలో ఈ అధ్యాయం చెప్పదు. అది బాగా వచ్చినవాళ్లు కూడా ముందుగా ఏం లెక్కపెట్టుకోవాలి, ఆ లెక్కల వెనక ఉన్న భౌతికశాస్త్రం ఏమిటి అన్నదే ఇక్కడ విషయం.

కాలువలో పదకొండు వేల క్యూసెక్కులు పారుతుంటే గట్టు మీద పిల్లలు ఆడుకుంటారు. అంతే నీరు కొలరాడోలో పడవను తలకిందులు చేస్తుంది. తేడా నీటిలో లేదు, వాలులో ఉంది. కాలువను తవ్వేటప్పుడు ఇంజనీరు వాలును వీలైనంత తగ్గిస్తాడు. కొలరాడో మాత్రం లీస్ ఫెర్రీ అనే రేవు నుంచి డైమండ్ క్రీక్ దాకా 226 మైళ్లు, అంటే సుమారు 364 కిలోమీటర్లు, సగటున మైలుకు ఎనిమిది అడుగుల చొప్పున కిందికి దిగుతుంది. (అక్కడ దూరాలన్నీ లీస్ ఫెర్రీని సున్నాగా పెట్టుకుని మైళ్లలో లెక్కిస్తారు. ఎనభై ఎనిమిదో మైలు, నూట డెబ్భై తొమ్మిదో మైలు అనే చెప్పుకుంటారు. ఇక్కడా అలాగే వాడతాను.) ఆ దిగడం కూడా సమంగా ఉండదు. లూనా లియోపోల్డ్ అనే జలశాస్త్రవేత్త 1969లో ప్రచురించిన లెక్క ప్రకారం, నది మొత్తం పొడవులో తొమ్మిది శాతం చోటులోనే సగం దిగుడు అయిపోతుంది. మిగిలిన చోటంతా నిదానంగా పారే మడుగులు. ఆ తొమ్మిది శాతాన్నే రాపిడ్లు అంటారు.

పది వేల క్యూసెక్కులంటే సెకనుకు 283 టన్నుల నీరు. అది ఒక రాపిడ్‌లో పదిహేను అడుగులు దిగిందనుకుందాం. గురుత్వాకర్షణ ఆ నీటికి ఇచ్చే సామర్థ్యం పన్నెండు మెగావాట్లు దాటుతుంది. విద్యుత్ కేంద్రంలో అయితే ఈ శక్తి టర్బైను తిప్పుతుంది. రాపిడ్‌లో దానికి వేరే పని లేదు. అలలుగా, సుడులుగా, నురగగా, రాళ్ల చప్పుడుగా అక్కడికక్కడే ఖర్చయిపోవాలి. పడవ దిగేది ఆ ఖర్చు జరుగుతున్న చోటుకే.

ఖర్చు ఎలా జరుగుతుందో తెలియాలంటే అల వేగం గురించి కొంచెం తెలుసుకోవాలి. లోతు తక్కువున్న నీటిలో అల వేగం ఆ లోతును బట్టి ఉంటుంది. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది ఆ వేగమే. మీటరు లోతులో అల సెకనుకు సుమారు మూడు మీటర్లు పోతుంది. నది అంతకన్నా నిదానంగా పారుతుంటే అల ప్రవాహానికి ఎదురెక్కగలదు. దిగువన రాయి అడ్డం ఉందన్న కబురు అలల రూపంలో ఎగువకు చేరుతుంది, నీరు ముందే సర్దుకుంటుంది. నది అల కన్నా వేగంగా పారుతుంటే ఏ కబురూ ఎగువకు చేరదు. ప్రవాహ వేగాన్ని అల వేగంతో భాగిస్తే వచ్చేది ఫ్రూడ్ సంఖ్య. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్లేయ నౌకా ఇంజనీరు విలియం ఫ్రూడ్ పేరు దానికి పెట్టారు. అది ఒకటి దాటిన నీరు పలచగా, నున్నగా, మహా వేగంగా జారుతుంది. చూడడానికి ప్రశాంతంగానే ఉంటుంది. కింద నిదానంగా ఉన్న లోతు నీటిని తాకినప్పుడు మాత్రం సర్దుకునే వ్యవధి ఉండదు. ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ లేచిన గోడను జలశాస్త్రంలో హైడ్రాలిక్ జంప్ అంటారు.

ఇది చూడడానికి గ్రాండ్ కాన్యన్ దాకా వెళ్లనక్కర్లేదు. బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కింద కాంక్రీటు మీద జారిన నీరు కొంత దూరం పోయి, తెల్లటి నురగ పట్టీగా లేచి నిలబడుతుంది. అక్కడ అలా లేవాలనే ఇంజనీర్లు కట్టారు. నీటి శక్తి అక్కడే ఖర్చయిపోతే దిగువన నది అడుగు కోసుకుపోదు. నదిలో సహజంగా ఏర్పడిన అలాంటి చోటును రాఫ్టర్లు హోల్ అంటారు. అక్కడ పైపొర నీరు ఎగువవైపుకు వెనక్కి దొర్లుతుంది. పడవ ఆ వెనక దొర్లుడులో చిక్కితే ముందుకూ పోదు, వెనక్కూ రాదు. పైగా నురగలో సగం గాలే. తెడ్డుకు పట్టు దొరకదు, లైఫ్ జాకెట్ ఎప్పటిలా తేల్చదు. బ్యారేజీల కింద ఈత కొట్టవద్దని బోర్డు పెట్టడానికి కారణం లోతు ఒక్కటే కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నీరు పెరిగితే హోల్ పెద్దదవుతుందా, చిన్నదవుతుందా? కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు పెద్దదవుతుందనే అంటారు. అనుభవజ్ఞులు తలగోక్కుంటారు. ఎందుకంటే రెండూ జరుగుతాయి.

తొంభయ్యో మైలు దాటాక హార్న్ క్రీక్ అనే రాపిడ్ ఉంది. నీరు ఎనిమిది వేలకు తగ్గినప్పుడు పైన రెండు బండలు కొమ్ముల్లా బయటపడి, వాటి మధ్య నుంచి నీరు నిట్టనిలువుగా పడినట్టు ఉంటుంది. నీరు బాగా పెరిగితే ఆ బండలు లోతుగా మునిగిపోతాయి. అక్కడ మిగిలేవి పెద్ద అలలే. అక్కడికి ఎనిమిది మైళ్ల దిగువన ఉన్న క్రిస్టల్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. ఒక రాపిడ్ ఎలా పుడుతుందో, ఎలా పెరుగుతుందో మనుషులు కళ్లారా చూసి, కొలిచి, రాసిపెట్టినది కాబట్టి ఆ కథ కొంచెం నిదానంగా చెప్పాలి.

1966 డిసెంబరుకు ముందు క్రిస్టల్ పెద్దగా లెక్కలోకి వచ్చే రాపిడ్ కాదు. ఆ నెలలో వచ్చిన వానకు క్రిస్టల్ క్రీక్ అనే పక్క లోయలోంచి మట్టి, నీరు, ఇళ్లంత బండలు కలిసిన ముద్ద కొట్టుకొచ్చి కొలరాడోలో పడింది. గ్రాండ్ కాన్యన్‌లోని రాపిడ్లలో ఎక్కువ భాగం ఇలా పక్క లోయలు తోసిన రాళ్ల మేటల వల్ల ఏర్పడినవే. పాత మేటలున్న చోట్ల నది వెడల్పు సుమారు సగానికి తగ్గి ఉంటుంది. వేల ఏళ్లలో వచ్చిన పెద్ద వరదలు అంతదాకా కోసి వదిలేశాయి. క్రిస్టల్ దగ్గర కొత్త మేట నదిని నాలుగో వంతుకు నొక్కేసింది. దాన్ని మళ్లీ వెడల్పు చేయగల వరదలు రావడానికి వీలు లేదు. 1963లోనే ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట గేట్లు మూశారు.

ఇరవై ఏళ్లకు వరద రానే వచ్చింది. 1983 వేసవిలో ఎగువ కొండల్లో మంచు అంచనాకు మించి కరిగింది. ఆ ఆనకట్ట వెనక అప్పటికే నిండి ఉన్న పావెల్ జలాశయం అంచుదాకా పొంగింది. ఆనకట్ట మీద గేట్లకు పైన ప్లైవుడ్ పలకలు నిలబెట్టి నీటిని ఆపవలసిన పరిస్థితి. (ప్రపంచంలో పేరుమోసిన కాంక్రీటు ఆనకట్టలలో ఒకదాన్ని కొన్నాళ్లు ప్లైవుడ్ కాపాడిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగింది.) జూన్ చివరికి నదిలోకి 90 వేల క్యూసెక్కులకు పైగా వదలవలసి వచ్చింది. అంత నీటికి చాలా రాపిడ్లు మునిగిపోయి కనబడకుండా పోయాయి. క్రిస్టల్ మాత్రం లేచింది. నాలుగో వంతు వెడల్పున్న గొంతులోంచి అంత నీరూ పోవాలంటే వేగం పెరగక తప్పదు. ఫ్రూడ్ సంఖ్య ఒకటి దాటింది. గొంతు చివర ఇరవై అడుగుల ఎత్తున నీటి గోడ నిలబడింది. ముప్ఫై అడుగుల పొడవుకు మించిన మోటారు రాఫ్టులు బోల్తాపడ్డాయి, ప్రాణం పోయింది, ప్రయాణికులు ఒడ్డున నడిచి ఆ రాపిడ్ దాటాలని పార్కు అధికారులు ఆదేశించారు. సూసన్ కీఫర్ అనే భూభౌతిక శాస్త్రవేత్త ఆ గోడ హైడ్రాలిక్ జంపేనని లెక్కలతో చూపించింది. ఆ వరద క్రిస్టల్ గొంతును నాలుగో వంతు నుంచి సుమారు నలభై శాతానికి కోసిందనీ, పాత మేటల్లా సగానికి రావాలంటే నాలుగు లక్షల క్యూసెక్కుల స్థాయి వరద కావాలనీ ఆమె అంచనా.

అదే వరదలో కెంటన్ గ్రూవా, రూడీ పెట్షెక్, స్టీవ్ రేనాల్డ్స్ అనే ముగ్గురు ఎమరాల్డ్ మైల్ అనే చెక్క పడవలో రాత్రిపూట బయల్దేరి 277 మైళ్లు 36 గంటల 38 నిమిషాల్లో పోయి రికార్డు సృష్టించారు. క్రిస్టల్‌లో వాళ్ల పడవా తిరగబడింది. బతికి బయటపడి, పడవ సరిచేసుకుని, మళ్లీ సాగారు. కథగా అద్భుతం. ప్రయాణ ప్రణాళికకు మాత్రం అది నమూనా కాదు.

కాబట్టి ఒక రాపిడ్ ఎంత కష్టం అన్న ప్రశ్నకు, ఎన్ని క్యూసెక్కుల దగ్గర అన్న ఎదురు ప్రశ్న లేకుండా జవాబు లేదు. ప్రపంచమంతటా వాడే ఆరు తరగతుల కొలమానంలో ఇది మూడో తరగతి, అది నాలుగో తరగతి అంటారు. గ్రాండ్ కాన్యన్‌లో ఒకటి నుంచి పది దాకా వేరే కొలమానం ఉంది, కొన్ని గైడు పుస్తకాలు ఒక్కో రాపిడ్‌కు ఒక్కో నీటి మట్టానికి ఒక్కో అంకె ఇస్తాయి. నా దృష్టిలో అదే నిజాయితీ గల పద్ధతి. మంచి ప్లాను కూడా అక్కడే మొదలవుతుంది: పేరున్న ప్రతి రాపిడ్ ఎదుట ఒక గీత, తక్కువ నీటికి ఏ దారి, ఎక్కువ నీటికి ఏ దారి, ఏ నీటికి అసలు ఒడ్డున తాళ్లతో పడవ దించుకోవడమే మేలు.

అంకె ఎక్కణ్నుంచి వస్తుంది? లీస్ ఫెర్రీ దగ్గర 1921 నుంచి నదిని కొలుస్తున్నారు. కొలిచేది మట్టాన్నే. దాన్నుంచి ప్రవాహాన్ని లెక్కగడతారు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అంటున్నామంటే ప్రతి అడుగు వెనకా ఇన్ని లక్షల క్యూసెక్కులు అన్న పట్టిక ఒకటి ఉంది. కొలత మొదలుకాక ముందు వచ్చిన వరదలకు ఇలాంటి పట్టిక ఉండదు. 1884లో కొలరాడోకు వచ్చిన మహా వరదలో లీస్ ఫెర్రీ దగ్గర ఒకాయన పండ్ల చెట్టు మీద చిక్కుకున్న పిల్లిని దించాడట. ఆ చెట్టు దగ్గర నీరు ఎంత ఎత్తున ఉందో ఆయన చెప్పిన గుర్తును పట్టుకుని ఆ వరద మూడు లక్షల క్యూసెక్కులని చాలాకాలం రాశారు. తర్వాతి శాస్త్రవేత్తలు దాన్ని సుమారు రెండు లక్షల పదివేలకు సవరించారు. ఎవరి అంకె ఎలా పుట్టిందో అడగడం తెడ్డు పట్టేవాళ్లకూ మంచి అలవాటే.

ఆనకట్ట కింద నది కాబట్టి ఇక్కడ నీటికి ఒక టైంటేబుల్ కూడా ఉంటుంది. గ్లెన్ కాన్యన్ ఆనకట్ట లీస్ ఫెర్రీకి పదిహేను మైళ్ల ఎగువన ఉంది. కరెంటు గిరాకీ పెరిగే వేళకు నీరు ఎక్కువ వదులుతారు, రాత్రి తగ్గిస్తారు. ఒకప్పుడు ఒకే రోజులో మూడు వేల నుంచి ముప్ఫై వేల దాకా ఊగేది. ఇసుక తిన్నెలు కోసుకుపోతున్నాయని, చేపలకు నష్టమని గొడవ జరిగాక 1996 నిర్ణయంతో రోజులో ఊగిసలాట ఎనిమిది వేలకు మించకూడదని, గంటకు నాలుగు వేలకు మించి పెంచకూడదని హద్దులు పెట్టారు. నెలనెలా ఎంత వదలబోతున్నారో ముందే ప్రకటిస్తారు. ప్లాను వేసేవాళ్లకు ఇదొక వరం, అర్థం చేసుకుంటే.

ఆనకట్ట దగ్గర వదిలిన అదనపు నీరు ఒక అలలా దిగువకు సాగుతుంది. ఆ అల, అందులోని నీరు ఒకే వేగంతో పోవు. నీటి బొట్టు సగటున గంటకు రెండున్నర, మూడు మైళ్లు పోతే, పెరుగుదల మాత్రం దాన్ని దాటుకుంటూ అంతకు ఒకటిన్నర రెట్లో, ఇంకా ఎక్కువో వేగంతో పోతుంది. లోతైన నీరు వేగంగా పారుతుంది కాబట్టి వెనక వచ్చే ఎత్తు నీరు ముందున్న లోతు తక్కువ నీటిని తరుముకొస్తుంది. అందుకే నది పెరగడం చప్పున జరుగుతుంది, తగ్గడం నింపాదిగా జరుగుతుంది. దిగువకు పోయేకొద్దీ అల ఎత్తు కొంత కరిగి, ఊగిసలాట మెత్తబడుతుంది.

అల గంటకు అయిదు మైళ్లు పోతుందనుకుని ముతక లెక్క వేద్దాం. క్రిస్టల్ ఆనకట్ట నుంచి నూట పదమూడు మైళ్లు. మధ్యాహ్నం రెండుకు ఆనకట్ట దగ్గర మొదలైన ఎక్కువ నీరు అక్కడికి ఇరవై రెండున్నర గంటలకు, అంటే మర్నాడు పన్నెండున్నరకు చేరుతుంది. ఉదయం తొమ్మిదికి ఒడ్డు ఎక్కి చూసినప్పుడు నల్లగా బయటికి ఉన్న రాయి ఒంటిగంటకు మునిగి, దాని వెనక హోల్ తయారై ఉండవచ్చు. రాపిడ్‌ను పరిశీలించి, పక్కనే కూర్చుని తీరిగ్గా భోంచేసి, ఆ తర్వాత దిగడం మంచిది కాదన్న పాత గైడ్ల మాట వెనక ఉన్నది ఈ లెక్కే.

ఇంకో విచిత్రం. వేసవిలో సొంతంగా వెళ్లే బృందానికి డైమండ్ క్రీక్ దాకా గరిష్ఠంగా పదహారు రోజులు ఇస్తారు. అంటే రోజుకు పద్నాలుగు మైళ్లు. ఆ పద్నాలుగు మైళ్లను అల మూడు గంటల్లోపే దాటుతుంది. కాబట్టి ప్రతి రోజూ పోటు నీరు మీ పడవ దగ్గరికి నిన్నటి కన్నా దాదాపు మూడు గంటలు ఆలస్యంగా వస్తుంది. మొదటి రోజు సాయంత్రం వచ్చినది మూడో రోజుకు అర్ధరాత్రి వస్తుంది, అయిదో రోజుకు పొద్దున్నే వస్తుంది. ఎనిమిది రోజులకు గడియారం ఒక చుట్టు తిరుగుతుంది. పెద్ద రాపిడ్ల దగ్గరికి ఏ వేళకు చేరాలో దీన్నిబట్టి మజిలీలు అటూ ఇటూ జరుపుకుంటారు. రాత్రి బస చేసేచోట పడవ కట్టడంలోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. రాత్రి పోటు వచ్చే చోట తాడు బిగువుగా కడితే పడవ ముక్కు కిందికి లాగుకుపోతుంది. తెల్లారేసరికి తగ్గే చోట ఒడ్డుకు మరీ లోపలికి లాగి కడితే, పొద్దున్న లేచి చూసేసరికి టన్ను బరువున్న రాఫ్టు ఇసుకలో కూర్చుని ఉంటుంది. నీరు మళ్లీ వచ్చేదాకా కాఫీ తాగుతూ కూర్చోవాలి, లేదా పదహారుమందీ భుజం పెట్టాలి. బృందంలో పదహారు కన్నా ఎక్కువమంది ఉండకూడదు కాబట్టి అంతకన్నా భుజాలు దొరకవు.

ఆనకట్ట టైంటేబుల్‌కు లొంగని నీరూ ఉంది. పారియా నది లీస్ ఫెర్రీ దగ్గరే కలుస్తుంది, లిటిల్ కొలరాడో అరవై ఒకటో మైలు దగ్గర. జులై, ఆగస్టుల్లో అక్కడా వానాకాలమే. మధ్యాహ్నపు ఉరుముల వానకు ఇవి ఎర్రటి బురదతో పొంగుతాయి. ఆ నెలల్లో పక్క లోయ నోట్లో గుడారం వేయకూడదన్నది రాపిడ్లు ఎలా పుట్టాయో తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

చలి సంగతి మాత్రం చెప్పాలి. వేసవిలో లోయ అడుగున గాలి నలభై డిగ్రీలు దాటుతుంది, పడవలో అందరూ నెత్తిన నీళ్లు కుమ్మరించుకుంటూ ఉంటారు. ఆ నీరు పావెల్ జలాశయం లోతుల్లోంచి వచ్చినది. దశాబ్దాలపాటు అది 8 నుంచి 12 డిగ్రీల మధ్యే ఉంది. జలాశయం బాగా తగ్గిన ఇటీవలి ఏళ్లలో కొంత వెచ్చబడింది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి నీటి మీద పరిశోధనలు చేసిన గార్డన్ గీస్‌బ్రెక్ట్ ఒక సూత్రం ప్రచారం చేశాడు: ఒకటి, పది, ఒకటి. చన్నీళ్లలో పడ్డ మొదటి ఒక నిమిషం ఊపిరి ఎగబీల్చడం అదుపులో ఉండదు, ఆ నిమిషంలో తల నీటి పైన ఉండడమే పని. తర్వాత పది నిమిషాలదాకా చేతులు, వేళ్లు చెప్పినట్టు వింటాయి. స్పృహ తప్పడానికి గంట పడుతుంది. మంచు నీటిని దృష్టిలో పెట్టుకుని చెప్పినది కాబట్టి ఇక్కడ వ్యవధి కొంచెం పెరగవచ్చు, వరస మాత్రం అదే. శరీరం గడ్డకట్టి చనిపోతామని భయపడతాం గానీ, ముందు పోయేది తాడు పట్టుకునే శక్తి.

పది నిమిషాలు అన్నది ప్లానులోకి ఎలా వస్తుందంటే, గ్రానైట్ తొంభై మూడో మైలు, హెర్మిట్ తొంభై అయిదు, క్రిస్టల్ తొంభై ఎనిమిది. గ్రానైట్‌లో నీటిలో పడ్డ మనిషిని పది నిమిషాల్లో లాగలేకపోతే, ప్రవాహం అతన్ని చేతుల్లో పట్టు లేని స్థితిలోనే హెర్మిట్ అంచుకు తీసుకుపోగలదు. అందుకే వరసగా రాపిడ్లున్న చోట పడవలు ఒకదానికొకటి కనబడేంత దూరంలోనే పోతాయి. కయాకులు ముందు దిగి కింద వెనక్కి తిరిగే నీటిలో, వాళ్ల భాషలో ఎడ్డీలో, కాచుకుని ఉంటాయి. ఎవరు ఏ ఎడ్డీలో అన్నది పైన ఒడ్డునే తేలిపోవాలి. నీరు 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ కన్నా చల్లగా ఉన్నా, ప్రయాణం నిర్జన ప్రాంతంలో రోజుల తరబడి సాగేదైనా రాపిడ్‌ను ఒక తరగతి ఎక్కువగా లెక్కించుకోమని అమెరికన్ వైట్‌వాటర్ సంస్థ భద్రతా నియమాలు చెబుతూ వచ్చాయి. ఇక్కడ రెండూ వర్తిస్తాయి.

మిగతా సామాను గురించి పెద్దగా చెప్పేది లేదు. అదనపు తెడ్లు, అదనపు లైఫ్ జాకెట్లు, ఉపగ్రహ ఫోను, మలంతో సహా చెత్తంతా తిరిగి మోసుకొచ్చే డబ్బాలు. వీటికి పార్కు నియమాల పుస్తకం ఉంది, తనిఖీ చేసే రేంజరు ఉంటారు.

నియమాల పుస్తకం తేల్చలేనిది ఒకటుంది. ఇన్ని లెక్కలూ వేసుకుని వెళ్లిన అనుభవజ్ఞులు రాపిడ్ పైన నిలబడి, అనుకున్న గీత దాటిందని తెలిసీ ఎందుకు దిగుతారు? ఈ ప్రశ్నను నది మీద కన్నా మంచు కొండల మీద బాగా పరిశోధించారు. ఇయాన్ మెకామన్ అనే అమెరికన్ మంచు చరియలు విరిగిపడ్డ 700కు పైగా ప్రమాదాలను పరిశీలించి, శిక్షణ పొందినవాళ్లు కూడా కొన్ని మానసిక ఉచ్చుల్లో పడతారని చూపించాడు. తెలిసిన చోటు అన్న ధీమా, పక్కవాళ్ల ముందు చులకన కాకూడదన్న తాపత్రయం, మొదలుపెట్టాం గనక పూర్తి చేయాలన్న పట్టు, ఒక నిపుణుడి మీద అందరూ వాలిపోవడం, ఇంకెవరో దిగారు గనక మనమూ దిగవచ్చనుకోవడం, మళ్లీ దొరకదేమోనన్న ఆత్రం. చివరిదానికి గ్రాండ్ కాన్యన్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2006లో లాటరీ పద్ధతి వచ్చేదాకా సొంత బృందానికి అనుమతి రావాలంటే పదేళ్లు దాటి ఎదురుచూడాలి. లాటరీలోనూ ఏళ్ల తరబడి పేరు రానివాళ్లున్నారు. అంతకాలం కాచుకున్న మనిషికి లావా ఫాల్స్ అనే పెద్ద రాపిడ్ పైన నిలబడి ఈ రోజు వద్దు అనడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

అందుకే ఏ నీటికి దిగకూడదో ఇంట్లో కూర్చుని, ఒంటి మీద తడి లేనప్పుడు, పేరు పేరునా కాగితం మీద రాసుకోవాలంటాను. ఒడ్డున నిలబడ్డాక జరగవలసింది ఆ గీతతో పోల్చి చూడడమే. పడవ మీద తెడ్డు పట్టే ప్రతి ఒక్కరికీ వద్దు అనే హక్కు ఉండాలి, కారణం చెప్పనక్కర్లేకుండా. ఇది సాహసికులకే పరిమితమైన సంగతి కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర, గోదావరి వరద మీదున్న రోజున, పర్యాటకుల బోటు మునిగి దాదాపు యాభై మంది ప్రాణాలు పోయాయి. ఎక్కినవాళ్లు తెడ్డు పట్టినవాళ్లు కారు, నది అంకెలు చూసి నిర్ణయించుకోవలసిన బాధ్యత వాళ్లది కాదు. వరద ఎంతుందో కొలిచే ఏర్పాటు మాత్రం ఆ నది మీద ఎప్పటినుంచో ఉంది.

చివరగా పటాల గురించి. నూట డెబ్భై తొమ్మిదో మైలు దగ్గరి లావా ఫాల్స్‌ను చాలాకాలం పాత లావా ఆనకట్ట మిగులు అనుకున్నారు. చుట్టూ నల్లటి లావా ఉంది, పేరూ అదే. రాబర్ట్ వెబ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు పాత ఫోటోలు పట్టుకుని అదే చోట, అదే కోణంలో మళ్లీ ఫోటోలు తీసి పోల్చారు. 1889-90లో రైలుమార్గం సర్వే కోసం వచ్చిన రాబర్ట్ స్టాంటన్ బృందం తీసిన వందలాది చిత్రాలు వాళ్లకు బంగారు గనిలా దొరికాయి. లావా ఫాల్స్ కూడా పక్కనున్న ప్రాస్పెక్ట్ లోయ తోసిన రాళ్లదేనని, ఇరవయ్యో శతాబ్దంలోనే అది చాలాసార్లు మారిందని, 1995 మార్చిలో కూడా కొత్త రాళ్లు వచ్చి నదిని నొక్కాయని తేల్చారు. పదేళ్ల నాటి గైడు పుస్తకంలోని దారి ఇవాళ ఉండకపోవచ్చన్నమాట.

ఇంకా కొత్త రాపిడ్ ఒకటి డైమండ్ క్రీక్ దాటి పోయేవాళ్లకు ఎదురవుతుంది. దిగువన మీడ్ జలాశయం నిండుగా ఉన్న రోజుల్లో అక్కడంతా నిలవ నీరు, అడుగున మందంగా పేరుకున్న ఒండ్రు. ఈ శతాబ్దంలో జలాశయం తగ్గిపోయేసరికి నది ఆ ఒండ్రును కోసుకుంటూ పాత గాడి వదిలి, పక్కనున్న రాతి మీద పడింది. పియర్స్ ఫెర్రీ రాపిడ్ అలా పుట్టింది. ప్రయాణం ముగించే రేవు రెండు వందల ఎనభయ్యో మైలు దగ్గర, సరిగ్గా దానికి ఎగువన, ఎడమ ఒడ్డున ఉంది. రెండు వారాలు పెద్ద రాపిడ్లు దాటి, అలసి, నిదానపు నీటిలో కాళ్లు చాపుకుని వచ్చే బృందాల చివరి పేజీలో ఒక పంక్తి తప్పకుండా ఉండాలి: రేవుకు మైలు ముందు నుంచే ఎడమ ఒడ్డు పట్టుకోవాలి, పడవలన్నీ విడివిడిగా కాకుండా ఒకదాని వెనక ఒకటి రావాలి, మొదటి పడవలోంచి ఇద్దరు తాళ్లతో దిగి నిలబడాలి.